రేకు మీద రెండు దెబ్బలు

బస్సులు తేలిన వరద వచ్చిపోయిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. ఆ డిపోలో పనిచేసేవాళ్లకి ఏళ్లని అంకెలతో చెప్పుకునే అలవాటు లేదు. వంతెన విరిగిన వరద, బడి గోడ కూలిన వరద, బస్సులు తేలిన వరద. ఎవరి పెళ్లయినా, ఎవరి ఉద్యోగమైనా ఈ మూడింట్లో ఏదో ఒకదానికి ముందో వెనకో జరిగి ఉండాల్సిందే.

తేలడమంటే నిజంగానే తేలాయి. ప్రహరీ దాటి వచ్చిన నీళ్లలో పాత బస్సులు బాతుల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగాయి. నీళ్లు తీశాక చూస్తే ఒకటి గేటుకి అడ్డం పడుంది, ఒకటి ఇంకోదాని వీపు మీద ముందుకాళ్లు పెట్టి నిలబడుంది. టైర్ల షెడ్డు మూలనున్న కంప్రెసర్ మాత్రం తేలలేదు. అది ఇనుప ముద్ద. బురద కింద మునిగి, నీళ్లు తీసేదాకా ఉన్నచోటే ఉంది. తుక్కులో వేసెయ్యమని అందరూ అన్నారు. టైర్ల మేస్త్రీ వినలేదు. ఊడదీశాడు, కడిగాడు, ఎండబెట్టాడు, నూనె పట్టించి మళ్లీ బిగించాడు. అది తిరిగింది. కాకపోతే దగ్గు పట్టిన ముసలాయన మెట్లెక్కినట్టు ఆయాసపడుతూ తిరిగింది. ట్యాంకుకి ఎక్కడో సన్నటి లీకు ఉండిపోయింది. దాన్ని రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది.

టైర్ల మేస్త్రీని డిపోలో తాళంకప్ప అంటారు. మొహం మీదే అంటారు, ఆయనేమీ అనుకోడు. ఏదన్నా అడిగితే తల ఊపుతాడు, లేదా చేతిలో ఉన్న స్పానరుతో అటు అని చూపిస్తాడు. మరీ తప్పనిసరైతే రెండు మాటలు. మూడో మాట విన్నవాళ్లు ఆ డిపోలో లేరని ఆయన బావ అందరికీ చెబుతుంటాడు. బావ అంటే సొంత అక్క మొగుడు, కండక్టరు. తాళంకప్ప మాట్లాడని మాటలన్నీ ఆయన వాటాకే వచ్చాయి. బస్సులో టికెట్లు కొడుతూ మొదలుపెట్టిన కబురు చివరి స్టాపు దాకా సాగదీస్తాడు. కొందరైతే కబురు పూర్తికాలేదని దిగాల్సిన చోట దిగరు.

ఆ షెడ్డుకి టైర్ల పని కాక ఇంకో పని కూడా ఉంది. షిఫ్టు దిగాక అక్కడ బాక్సింగ్ జరుగుతుంది. ఎప్పుడో వంతెన విరిగిన వరద కంటే ముందు, డిపోలో ఒక బాడీ ఫిట్టరు ఉండేవాడు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, గ్లవ్స్ తెచ్చినవాడు. పాత ట్యూబులు కోసి తాళ్లు చేసి రింగు కట్టింది ఆయనే. చేతి గడియారం పాడైపోతే బాగుచేయించుకోకుండా కంప్రెసర్‌ని గంటగా పెట్టిందీ ఆయనే. ట్యాంకులో గాలి తగ్గితే కంప్రెసర్ తనంతట తనే మొదలవుతుంది. ట్యాంకు నిండగానే 'ప్స్‌స్‌స్' అని బుస కొట్టి ఆగిపోతుంది. మొదలైతే రౌండు మొదలు. బుస కొడితే రౌండు అయిపోయినట్టు. అది సరిగ్గా ఒక రౌండంత సేపు తిరుగుతుందని ఆయన అప్పట్లోనే పక్కవాడి గడియారంతో చూసి ఖాయం చేశాడు. వరద తర్వాత మళ్లీ ఎవరూ చూడలేదు.

బుస విషయంలో మాత్రం ఫిట్టరు మహా కఠినం. బుస వినిపించాక ఎవడి చెయ్యి లేచినా ఆ రోజుకి వాడికి రింగు లేదు. వినిపించిన క్షణమే రెండు చేతులూ కిందికి దిగాలి, వెనక్కి తగ్గాలి. ఆయన పోయాక షెడ్డు తాళంకప్ప చేతికి వచ్చింది. కంప్రెసరూ వచ్చింది, ఆ కట్టుబాటూ వచ్చింది.

తాళంకప్ప దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, చివరిదాకా నిలబడింది ఒక్కతే. అక్క కూతురు. లేకలేక పుట్టిన పిల్ల. నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, నాన్న బస్సు వచ్చేదాకా మామయ్య షెడ్డులో టైరు మీద కూర్చుని చూసేది. చూసి చూసి ఒక రోజు గ్లవ్స్ తొడిగెయ్యమని చేతులు చాపింది. ఇప్పుడు అదే డిపో స్టోర్సులో బోల్టులూ బల్బులూ ఇచ్చే ఉద్యోగం చేస్తోంది, సాయంత్రం గ్లవ్స్ వేస్తోంది. ఆడేది వెల్టర్ వెయిట్. దాని గురించి అడిగినవాళ్లకి కండక్టరు ఇలా చెప్పేవాడు: "మరీ సన్నమూ కాదు, మరీ బరువూ కాదు, మధ్య రకం. సాయంత్రం బస్సు చూశారా? ముందు ఖాళీ, వెనక ఖాళీ, తొక్కిసలాటంతా మధ్యలోనే. అదే వెల్టర్ వెయిటంటే."

ఆ సోమవారం పేపర్లో ఆ పిల్ల ఫొటో పడింది. క్యాంటీన్లో టీలు తాగే వేళకి వెల్డరు ఆ పేపరు పట్టుకుని బల్ల ఎక్కినంత పని చేశాడు.

"వినండి, వినండి. 'వెల్టర్ వెయిట్‌లో కొత్త పిడుగు.' చూశారా, పిడుగంట! మన డిపో పేరు కూడా వేశాడు."

"ఏ మబ్బులోంచి పడిందట?" అన్నాడు కండక్టరు, టికెట్ల సంచీ ఒళ్లో పెట్టుకుంటూ.

"మీ ఇంట్లోంచేగా అన్నా."

"మా ఇంట్లోంచి పొద్దున్నే మూడుసార్లు లేపితే గానీ మంచం దిగని మనిషి ఒకతి వస్తుంది. పిడుగు నాకెప్పుడూ కనపడలేదు."

క్యాంటీన్ నడిపే ఆవిడని అందరూ పిన్ని అంటారు. ఆవిడ గ్లాసులు కడుగుతూ, "కన్నకూతురి మీద ఇంత అక్కసేంటయ్యా నీకు? ఊరంతా పొగుడుతుంటే!" అంది.

"ఊరంతా పొగుడుతోంది కాబట్టే పిన్నీ. ఎవరి మీద గెలిచింది ఇది? ఒకావిడ దారప్పోగంత ఉంది. ఒకావిడకి జలుబు. ఇంకొకావిడైతే గంట కొట్టకముందే వాళ్లమ్మ ఎక్కడుందా అని వెతుక్కుంటోంది. వీళ్లని కొట్టి పిడుగైపోతే, నేను రోజూ చిల్లర లేనివాళ్లతో కొట్లాడుతున్నాను, నన్నేమనాలి?"

"ఎవరైతేనేం అన్నా, ఆడినవన్నీ గెలిచిందిగా!" వెల్డరు వేడెక్కాడు. "చాలావరకు మొదటి రౌండులోనే పంపించేసింది. ఆ ఎడమ చెయ్యి చూశావా అసలు? వెల్డింగు రాడ్డు అంటించినట్టు చురుక్కుమంటుంది."

"చెయ్యి సంగతి కాదు నేనడిగేది. ఒక్క దెబ్బ తిన్నదా ఇప్పటిదాకా? గట్టి దెబ్బ? షెడ్డులోంచి తీసిన కొత్త బండిని చూసి అందరూ ఆహా అంటారు. ఘాటు రోడ్డు ఎక్కించు, అప్పుడు తెలుస్తుంది ఇంజను సంగతి. మీరంతా కలిసి దానికి గాలి కొడుతున్నారు. మోతాదు మించి గాలి కొడితే ఏమవుతుందో ఇదిగో, మా బామ్మర్దిని అడగండి. ఏరా, చెప్పు."

అందరూ తాళంకప్ప వైపు తిరిగారు. ఆయన టీ చివరి గుక్క తాగి, గ్లాసు పిన్నికి ఇచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆదివారం," అన్నాడు. లేచి షెడ్డుకి వెళ్లిపోయాడు.

ఆదివారం పోటీ ఉంది. అది ఫైర్ స్టేషన్ అమ్మాయితో. నాలుగేళ్లుగా ఓటమి ఎరగని మనిషి. ఎడమచేతి వాటం. గెలిచినప్పుడు నవ్వదు కూడా, మంట ఆర్పేసి గొట్టం చుట్టుకుని వెళ్లిపోయినట్టు వెళ్లిపోతుందని చెప్పుకునేవారు. అలాంటిదానితో పోటీకి ఒప్పుకున్నది తాళంకప్పే. క్యాంటీన్లో బావ అన్న మాట ఆయన లోపల ఎప్పటినుంచో తిరుగుతోంది. పిల్ల గొప్పదని ఆయనకి తెలుసు. కానీ ఎంత గొప్పదో తెలియదు. దెబ్బ పడితే ఏమవుతుందో అసలే తెలియదు. అది తెలుసుకోవాలంటే ఒకటే దారి.

ఆ సాయంత్రం షిఫ్టు దిగి బావ షెడ్డుకి వచ్చాడు. కబుర్లు లేవు, నవ్వు లేదు. అలాంటి మొహంతో బావని చూడటం తాళంకప్పకి కొత్త.

"ఒప్పేసుకున్నావటగా."

తల ఊపాడు.

"నా మాట కూడా విను మరి. రింగులో నువ్వు కింద పడ్డ రోజు నీకు గుర్తు లేదు. నాకు గుర్తుంది. నిన్ను భుజాన వేసుకుని ఆ హాలు మెట్లు దిగింది నేను. నీ ఎడమ చెవిలోంచి రక్తం నా చొక్కా మీద కారుతోంది. అప్పటికి మీ అక్కతో నాకు పెళ్లి కూడా కాలేదు. తమ్ముణ్ణి ఈ స్థితిలో తీసుకొచ్చినవాడికి పిల్లనిస్తారా అని దారంతా ఏడ్చాను. ఆ చెవికి వినికిడి మళ్లీ రాలేదు. పిల్లకి మాత్రం రెండు చెవులూ ఉండాలి నాకు. గెలిచినా ఓడినా నేను మాట్లాడను. కానీ ఒక్కసారి కింద పడిందా, ఆ గ్లవ్స్ మేకుకి వేలాడాలి. మళ్లీ తియ్యకూడదు. ఏమంటావు?"

తాళంకప్ప కంప్రెసర్ వైపు చూశాడు. అది అప్పుడే బుస కొట్టి ఆగింది. రింగులో నీడతో పోట్లాడుతున్న పిల్ల ఠక్కున చేతులు దించి, వాళ్ల దగ్గరకి వచ్చింది. మాటలు అక్కడిదాకా వినపడ్డాయి కాబోలు.

"సరే నాన్నా," అంది. "పడితే కదా."

"నోరు మాత్రం నాది వచ్చింది దీనికి," అన్నాడు కండక్టరు. "నువ్వు చెప్పరా."

"మాట మాటే," అన్నాడు తాళంకప్ప.

ఆదివారం సాయంత్రానికి డిపో సగం ఖాళీ అయ్యింది. పని లేనివాళ్లందరూ ఒక బస్సు ఎక్కారు. పోటీ పెద్ద వీధిలో ఉన్న పాత హాల్లో. పక్క గోడకి వెడల్పాటి రేకు తలుపు ఉంది, గాలి కోసం దాన్ని బార్లా తెరిచిపెట్టారు. బస్సుని ఎక్కడో దూరంగా పెట్టడం కండక్టరుకి నచ్చలేదు. పిల్ల మీద గాలి కొట్టొద్దన్న మనిషే, బస్సు మాత్రం అందరికీ కనపడాలన్నాడు. తనే దిగి వెనక నిలబడి బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. రెండు దెబ్బలంటే పోనియ్. డ్రైవరు వెనక్కి తీశాడు. ఇంకో రెండు. ఇంకాస్త వెనక్కి. బస్సు వీపు తలుపుకి ఆనేంత దగ్గరకి వచ్చాక ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బంటే ఆపు. బస్సు ఆగింది. చిన్నప్పటినుంచి ఆ పిల్ల ఆ దెబ్బలు వింటూ పెరిగింది. నడక నేర్చుకునే రోజుల్లో వాళ్ల నాన్న మంచం పట్టె మీద రెండు కొడితే నడిచేదట, ఒక్కటి కొడితే ఆగేదట. వాళ్లమ్మ చెప్పి నవ్వేది.

ఎదురు బెంచీల మీద ఫైర్ స్టేషన్ వాళ్లు నిండి ఉన్నారు.

"ఏమయ్యా బస్సువాళ్లూ, మీ పిడుగుని చూసుకోండి, నీళ్లు చల్లేస్తాం!" అని ఒకాయన అరిచాడు.

"చల్లండి చల్లండి, మా బస్సు కూడా కడిగిపెట్టండి!" అని వెల్డరు తిరిగి అరిచాడు. పిన్ని అందరికంటే గట్టిగా నవ్వింది.

కండక్టరు వాళ్లతో కూర్చోలేదు. రేకు తలుపు పక్కన నిలబడ్డాడు.

మొదటి రౌండు. ఫైర్ స్టేషన్ అమ్మాయి ఎలా ఉంటుందనుకున్నారో అలాగే ఉంది. తొందర లేదు. కుడి చేత్తో కొలత చూసుకుంటూ, ఎడమ చెయ్యి దాచుకుని తిరుగుతోంది. పిల్ల ముందుకి వెళ్తే అక్కడ ఉండదు, వెనక్కి వస్తే దగ్గరే ఉంటుంది. ఇన్నాళ్లూ తగిలిన దెబ్బలు ఈసారి గాలికి పోతున్నాయి. రౌండు ముగిసి గంట మోగింది. పిల్ల మూలకి వచ్చి స్టూలు మీద కూర్చోకుండా నిలబడింది.

"అప్పుడే అయిపోయిందా మామయ్యా?"

తాళంకప్ప ఆమె మొహంలోకి చూశాడు. అవతలి మూలలో నాలుగేళ్ల విజేత భుజాలు ఎగసిపడుతున్నాయి. ఇక్కడ ఈ పిల్ల ఛాతీ నీళ్ల బిందె తెచ్చినంత కూడా కదలడం లేదు. ఆయనకి ఏదో తట్టింది గానీ అది ఏమిటో తేల్చుకునే వ్యవధి లేదు. నీళ్లు పట్టించి, "పక్కటెముకలు," అన్నాడు.

రెండో రౌండు మొదలైంది. పిల్ల మాట విన్నది. తల వదిలేసి పక్కటెముకల మీద పడింది. ఒకటి తగిలింది. రెండోది తగిలింది. అవతలి అమ్మాయి నోరు తెరిచి గాలి పీల్చింది. డిపో బెంచీలు లేచి నిలబడ్డాయి. వెల్డరు గొంతు బొంగురుపోయింది.

బయట ఆ సమయంలో ఏం జరిగిందో తర్వాత అందరికీ తెలిసింది. హాలు కాపలాదారు వచ్చి, తలుపుకి అడ్డంగా బస్సేంటయ్యా, ముందుకి తియ్యమని డ్రైవరు మీద గొడవ పెట్టుకున్నాడు. కిటికీలోంచి మెడ చాచి లోపలి గోల వింటున్న డ్రైవరు విసుక్కుంటూ ఇంజను వేశాడు, రెండడుగులు ముందుకి తీశాడు, బ్రేకు వేశాడు.

'ప్స్‌స్‌స్.'

పిల్ల రెండు చేతులూ కిందికి దిగిపోయాయి.

ఆమె దించలేదు. చేతులే దిగాయి. ఇన్నేళ్లుగా బుస వినగానే దిగిన చేతులు, ఇప్పుడూ దిగాయి. తల కూడా కొంచెం పక్కకి తిరిగింది, గోడకి ఆనుకోవడానికి వెళ్తున్నట్టు. ఫైర్ స్టేషన్ అమ్మాయి ఇంతసేపూ దాచుకున్న ఎడమ చెయ్యి అప్పుడు బయటికి వచ్చింది.

పిల్ల పడింది.

తాళంకప్పకి ఏమీ అర్థం కాలేదు. ఆయన ఎడమ చెవి తలుపు వైపు ఉంది. అందరికీ వినిపించిన బుస ఆయనకి వినపడలేదు. ఉన్నట్టుండి చేతులు వదిలేసి నిలబడిన పిల్లని, పడిన పిల్లని మాత్రమే చూశాడు. ఆయన చేతిలో తువ్వాలు ఉంది. దాన్ని రింగులోకి విసిరితే పోటీ అక్కడితో ఆగిపోతుంది. ఎలాగూ మాట ప్రకారం అయిపోయింది. పడింది. ఇక లేచినా, లేవకపోయినా, గెలిచినా, రేపటినుంచి ఆ గ్లవ్స్ మేకుకే. అలాంటప్పుడు ఇంకో దెబ్బ ఎందుకు తినాలి? తువ్వాలు పిడికిట్లో ఉండలా చుట్టుకుంది. రిఫరీ వంగి లెక్కపెడుతున్నాడు. పిల్ల మోచేతి మీద లేచింది గానీ కళ్లు ఎక్కడో ఉన్నాయి. మనిషి ఇక్కడ ఉంది, చూపు ఇంకా రాలేదు.

తాళంకప్ప తలుపు వైపు చూశాడు. బావ ఒప్పుకోవాలి. తువ్వాలు వెయ్యమని బావ ఒక్క సైగ చేస్తే వేసేస్తాడు.

కండక్టరు ఆయన వైపు చూడటం లేదు. కూతురినే చూస్తున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. కుడి చెయ్యి మాత్రం పైకి లేచింది. ఆ చెయ్యి ఎవర్నీ అడగలేదు, బహుశా ఆయన్ని కూడా అడగలేదు. పక్కనున్న రేకు తలుపు మీద అరచేత్తో దబదబా రెండు దెబ్బలు కొట్టింది.

హాలంతా మోగింది.

పిల్ల చూపు అప్పుడు వచ్చింది. ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు. రిఫరీ లెక్క పూర్తయ్యేలోపు నిలబడి, గ్లవ్స్ పైకెత్తి, బాగానే ఉన్నానని తల ఊపింది.

"పోనియ్! పోనియ్!" అని అరిచాడు కండక్టరు. ఇంకో రెండు దెబ్బలు. అది చూసి డిపో బెంచీల మీద ఉన్నవాళ్లందరూ బెంచీల మీద రెండేసి దెబ్బలు కొట్టడం మొదలుపెట్టారు. తాళంకప్ప పిడికిట్లో ఉన్న తువ్వాలుని విప్పి, మెల్లగా భుజాన వేసుకున్నాడు.

ఆ రౌండు చివరిదాకా పిల్ల దెబ్బలు తిన్నది. గట్టివే తిన్నది. కానీ ఒక్కటి కూడా ఊరికే తినలేదు. తిన్నదానికి వెంటనే బదులిచ్చింది. గంట మోగాక మూలకి వచ్చి కూర్చుంది. ఎడమ కన్ను కింద అప్పుడే వాచింది.

"మామయ్యా, కంప్రెసర్ ఆగిందనుకున్నా," అంది సిగ్గుపడుతూ.

తాళంకప్పకి అప్పుడు అర్థమయ్యింది. వంగి ఆ మొహం తుడుస్తూ అవతలి మూలకేసి చూశాడు. ఫైర్ స్టేషన్ అమ్మాయికి ఇద్దరు తువ్వాళ్లతో విసురుతున్నారు, ఒకడు నడుం పట్టుకుని ఊపిరి తీయిస్తున్నాడు. ఈ పిల్లకి నొప్పి ఉంది గానీ ఆయాసం లేదు. ఇందాక మొదటి రౌండు తర్వాత తట్టిన సంగతి ఇప్పుడు పూర్తిగా తట్టింది. వరదలో మునిగిన కంప్రెసర్ ట్యాంకు నింపడానికి ఎప్పటికంటే ఎక్కువసేపు పడుతోంది. అదీ కాక ఆ లీకు వల్ల తొందరగా మళ్లీ మొదలవుతోంది. ఈ పిల్ల వరదనాటినుంచి పెద్ద రౌండ్లు ఆడుతోంది, చిన్న విశ్రాంతి తీసుకుంటోంది. అదే అసలు రౌండనుకుని ఆడుతోంది. బుసకి చేతులు దించమని నేర్పి ఆయన చేసిన తప్పు దాన్ని పడేసింది. లీకు బాగుచెయ్యకుండా ఆయన వదిలేసిన పని దాన్ని నిలబెట్టబోతోంది.

ఆయన నవ్వాడు. మూలలో నవ్విన తాళంకప్పని చూసి వెల్డరు పిన్నిని మోచేత్తో పొడిచాడు.

"అమ్మాయ్," అన్నాడు తాళంకప్ప, "ఆవిడ అలిసిపోయింది. నువ్వు ఇంకా మొదలెట్టలేదు. ఇక్కడ కంప్రెసర్ లేదు. గంట మోగేదాకా చేతులు దించకు."

అది మూడు మాటల కంటే చాలా ఎక్కువ. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

మూడోదే ఆఖరి రౌండు. దాని గురించి డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, వెల్డరు చెప్పేదాంట్లో దెబ్బలు ఏటికేడు పెరుగుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఇంతే. ఫైర్ స్టేషన్ అమ్మాయి గొప్ప ఆటగత్తె, చివరిదాకా పడలేదు. కానీ ఆమె అడుగు బరువెక్కింది. పిల్ల అడుగు బరువెక్కలేదు. సాయంత్రం బస్సులో మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లే మనిషిలా, తోస్తే ఆగుతూ, ఆగి మళ్లీ కదులుతూ, ఆమె చుట్టూ తిరిగి పక్కటెముకలు వెతికి వెతికి కొట్టింది. సగం రౌండయ్యాక బయట ఇంకో బస్సు ఏదో వెళ్తూ బుస కొట్టింది. డిపోవాళ్లందరికీ గుండె ఆగినంత పనైంది. పిల్ల చేతులు అంగుళం కూడా దిగలేదు. అప్పుడు పిన్ని లేచి పైట నడుముకి దోపుకుని ఈల వేసింది. ఆవిడకి ఈల వచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

రిఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల చెయ్యి పైకి లేచింది. న్యాయనిర్ణేతలు అందరూ ఒకటే మాట అనలేదు, ఒకాయన అవతలివైపు చెప్పాడు. అదీ సబబే. ఫైర్ స్టేషన్ అమ్మాయి వచ్చి పిల్లని కౌగిలించుకుని మొదటిసారి నవ్వింది. "నీ ఊపిరి ఎక్కడ కొన్నావే?" అని అడిగింది.

తిరుగు బస్సులో గోల గోల. వెల్డరు సీటు మీద నిలబడి, "ఏమన్నా, ఇప్పుడు చెప్పు! గాలేనా? ఇప్పటికీ గాలేనా?" అని నిలదీశాడు.

కండక్టరు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అరచెయ్యి ఎర్రగా వాచింది. దాన్ని ఊదుకుంటూ, "గాలేరా," అన్నాడు. "కాకపోతే ట్యూబు గట్టిది."

బస్సంతా గొల్లుమంది. "పిడుగని ఒప్పుకో అన్నా!" "ఒప్పుకోకపోతే టికెట్ కొనం!" అని అరిచారు. ఆయన మొహం పక్కకి తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒప్పుకున్నాను లెండి, కూర్చోండి, పడతారు," అన్నాడు. ఆయన మొహం తిప్పుకోవడం ఆ గోలలో ఎవరూ గమనించలేదు, పిన్ని తప్ప.

తాళంకప్ప చివరి సీటులోంచి లేచి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకి వచ్చాడు. చేతిలో గ్లవ్స్ ఉన్నాయి. తాళ్లు రెండూ కలిపి ముడివేసి ఉన్నాయి, మేకుకి తగిలించడానికి ఎలా ముడివేస్తారో అలాగే. వాటిని బావ చేతిలో పెట్టాడు.

"పడింది," అన్నాడు. "మాట మాటే."

గోల ఒక్కసారిగా సద్దుమణిగింది. పిల్ల కిటికీ పక్కన వాచిన కంటికి తడిగుడ్డ పెట్టుకుని కూర్చుని ఉంది. తండ్రినే చూస్తోంది. కండక్టరు గ్లవ్స్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తడిగా ఉన్నాయి. సంచీ మూత తీసి టికెట్ల మీద పెట్టుకున్నాడు. ఆయన మాట్లాడకుండా చేసిన మొదటి ప్రయాణం అదే.

మర్నాడు పొద్దున్న తాళంకప్ప అందరికంటే ముందు షెడ్డు తెరిచాడు. రాత్రి కంటిమీద కునుకు లేదని మొహమే చెబుతోంది. టైర్ల జోలికి పోలేదు. నేరుగా కంప్రెసర్ దగ్గర కూర్చుని, సబ్బు నురగ రాసి, బుడగ లేచిన చోటల్లా చూసి, లీకు దొరికాక బాగుచేశాడు. వరదనాటినుంచి రేపు రేపంటూ వచ్చిన పని టీ వేళకి అయిపోయింది. స్విచ్చి వేశాడు. అది ట్యాంకు నింపుకుని ఒక్కసారి బుస కొట్టి ఆగింది. మళ్లీ మొదలవ్వలేదు. షెడ్డు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. రింగు ఖాళీగా ఉంది. ఆయన దాని వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటున్నాడు.

బయట బస్సు బయల్దేరుతున్న చప్పుడు. రేకు మీద రెండు దెబ్బలు. ఎప్పటికంటే గట్టిగా.

పిల్ల లోపలికి వచ్చింది. కన్ను నేరేడుపండు రంగులో ఉంది. మెడలో గ్లవ్స్ వేలాడుతున్నాయి.

"నాన్న రాత్రి ఇల్లంతా వెతికాడు మామయ్యా," అంది. "అటకెక్కి కూడా చూశాడు. మేకు దొరకలేదట."

తాళంకప్ప ఆమె వెనకున్న గోడ చూశాడు. ఆ గోడకి ఇరవై మేకులు ఉన్నాయి, బావ రోజూ చూసే గోడే అది. ఆయన షెడ్డు వెనకనున్న తుక్కులోకి వెళ్లాడు. వరదలో ఇంకోదాని వీపు మీద ఎక్కి నిలబడ్డ ఆ పాత బస్సు అక్కడే తుప్పు పడుతోంది. దాని పక్క రేకులోంచి పళ్లెమంత ముక్క కోశాడు, అంచులు ఆకురాయితో నునుపు చేశాడు, పైన రంధ్రం పెట్టి తీగ కట్టాడు. తెచ్చి రింగు పక్కన గోడకి తగిలించాడు. పిల్లని గ్లవ్స్ వేసుకోమని స్పానరుతో చూపించాడు.

అదే స్పానరుతో రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.